అమెరికా దగ్గరే అంత ఆయిల్ ఉంటే గల్ఫ్‌లో సైన్యం ఎందుకు?

కవిటి కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, మా అన్నయ్య కువైట్‌లో రిఫైనరీ షట్‌డౌన్ పనుల్లో, అంటే రిఫైనరీ ఆపి చేసే రిపేర్లలో, బరువులు ఎత్తి దించే రిగ్గర్. అటేపు ఏ చిన్న గొడవ మొదలైనా మా ఇంట్లో టీవీ ఆగదు, అమ్మకి అన్నం సయించదు. నా డౌట్ ఏటంటే 2018 నుంచి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ క్రూడ్ తీస్తన్నది అమెరికాయే కదా, మరి సొంతంగా అంత ఆయిల్ ఉన్నోళ్ళకి బహ్రెయిన్‌లో నేవీ ఎందుకు, ఖతార్‌లో ఎయిర్‌బేస్ ఎందుకు, మాటిమాటికీ వెళ్ళి అక్కడ యుద్ధంలో దిగడం ఎందుకు. ఊళ్ళో ఎవరిని అడిగినా ఆయిల్ కోసమే అని తేల్చీస్తారు, ఆయిల్ కోసం అంటే ఏటి మరి, ట్యాంకర్లలో నింపుకుని పట్టుకుపోతారా? తెలిసినోళ్ళు వివరంగా చెప్పండి, పార్టీల గోల వద్దు.

పలాస పరిశీలకుడు:
ఇందులో డౌట్ ఏటి తమ్ముడూ. 1951లో ఇరాన్‌లో ప్రధాని మొసద్దెక్ మా ఆయిల్ మాదే అని బ్రిటిష్ కంపెనీ చేతిలోంచి లాక్కుని జాతీయం చేసీసాడు, 1953లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, బ్రిటిష్ గూఢచారులు కలిసి ఆయన్ని దించీసారు. ఇది పుకారు కాదు, 2013లో సీఐఏ కాగితాల్లోనే ఒప్పుకున్నారు. 2003లో అమెరికా సైన్యం ఇరాక్ మీద పడి బాగ్దాద్‌లోకి వచ్చీసరికి అక్కడ నేషనల్ మ్యూజియం దోచుకుపోతంటే ఆపినోడు లేడు, ఆయిల్ మినిస్ట్రీ బిల్డింగ్‌కి మాత్రం సైనికుల కాపలా. ఇరాక్ దగ్గర భయంకరమైన ఆయుధాలు ఉన్నాయన్నారు, దేశమంతా వెతికినా దొరకలేదు. నాకయితే ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

విజయనగరం హిస్టరీ మాస్టారు:
పలాస తమ్ముడు చెప్పినవన్నీ జరిగినవే, నేను కాదనను. కానీ దోచుకోడం దగ్గరే ఆగిపోతే కవిటి అబ్బాయి ప్రశ్నకి జవాబు రాదు. ఇరాక్‌నే తీసుకోండి. 2009లో ఇరాక్ ప్రభుత్వం ఆయిల్ ఫీల్డులు వేలానికి పెడితే అన్నిటికన్నా పెద్దదైన రుమైలా బ్రిటిష్ బీపీకి, చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీకి కలిపి వెళ్ళింది, అది కూడా అదనంగా తీసే బ్యారెల్‌కి 2 డాలర్ల ఫీజు మీద, ఆయిల్ ఇరాక్‌దే. వెస్ట్ కుర్నా అనే ఇంకో ఫీల్డులో రెండో భాగం రష్యా వాళ్ళ లుకాయిల్‌కి. అమెరికా కంపెనీ ఎక్సాన్‌కి మొదటి భాగం దక్కింది గానీ 2024 మొదట్లో అదీ వదులుకుని వెళ్ళిపోయింది, ఇప్పుడక్కడ ముందున్నది చైనా వాళ్ళే. దోపిడీ కోసమే అయితే నాలుగున్నర వేల మంది సొంత సైనికుల్ని, లక్షకి పైగా ఇరాకీల్ని బలిచేసి ఆ ఆయిల్ చైనాకి అప్పజెప్తారా ఎవరైనా?

వెనక్కి వెళ్దాం. 1945 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ యాల్టా సమావేశం నుంచి తిరిగొస్తూ సూయజ్ కాలువ దారిలో క్విన్సీ అనే యుద్ధనౌక మీద సౌదీ రాజు ఇబ్న్ సౌద్‌ని కలిసాడు, రాజ్యానికి అమెరికా అండ, అమెరికా కంపెనీలకి అక్కడ ఆయిల్ అనే బంధం అప్పట్నుంచి గట్టిపడింది. గమనించాల్సింది ఏంటంటే, అప్పుడు కూడా ప్రపంచంలో ఎక్కువ ఆయిల్ తీసేది అమెరికాయే! అంటే సొంత బండికి పెట్రోల్ లేక వెళ్ళలేదు బాబూ. యుద్ధంలో చితికిపోయిన యూరప్, జపాన్ మళ్ళీ లేవాలంటే గల్ఫ్ ఆయిల్ కావాలి, చెరువు నీళ్ళన్నీ నేనే తాగాలని కాదు, తూము మాత్రం నా చేతిలో ఉండాలి అన్నదే లెక్క. 1973లో ఇజ్రాయెల్‌కి సాయం చేసారని అరబ్ దేశాలు ఆయిల్ ఆపితే బ్యారెల్ 3 డాలర్ల దగ్గర్నుంచి కొన్ని నెలల్లో 12కి దగ్గరపడింది, ఆ దెబ్బ అమెరికా మర్చిపోలేదు. 1979లో అమెరికాకి దగ్గరైన ఇరాన్ రాజు షా గద్దె పోగొట్టుకున్నాడు, ఏడాది చివర్లో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లో దిగింది, 1980 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ వాళ్ళ పార్లమెంటు ముందు నిలబడి, బయటి శక్తి ఏదైనా గల్ఫ్‌ని పట్టుకోవాలని చూస్తే మా ముఖ్య ప్రయోజనాల మీద దాడిగానే చూస్తాం, అవసరమైతే సైన్యాన్ని వాడతాం అని చెప్పేసాడు. శాంతి మనిషిగా పేరున్న కార్టరే ఆ మాటన్నాడు, తర్వాత వచ్చిన రెండు పార్టీల వాళ్ళూ అదే దారి. 1983లో ఆ ప్రాంతానికని వేరే సైనిక కమాండే పెట్టారు. ఇజ్రాయెల్, ఆయుధాల వ్యాపారం, 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కోపం, ఇవన్నీ కూడా ఉన్నాయి, ఒక్క ఆయిల్‌తోనే అన్నీ ముడిపెట్టలేం.

సోంపేట పాత వెల్డర్:
మాస్టారు బాగా చెప్పినారు. నేను 1990లో కువైట్‌లోనే ఉన్నాను, నా ముక్క కూడా వినండి. ఆగస్టు 2న తెల్లారీసరికి రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు. జీతం లేదు, కంపెనీ వాళ్ళు ఎటెళ్ళిపోనారో తెలీదు, బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ బోర్డర్, ఎడారిలో టెంట్లలో పడుకుని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. మన దేశం అలా తెచ్చుకున్నది లక్షా డెబ్భై వేల మందికి పైనే. ఆ యుద్ధం ఆయిల్ కోసమే, కాదనట్లేదు, కానీ ఆయిల్ కోసం ముందు వచ్చినోడు ఇరాక్‌ని ఏలిన సద్దాం. ఇరాన్‌తో 8 ఏళ్ళు కొట్టుకుని కువైట్‌కి అప్పు పడ్డాడు, మీరు ఎక్కువ తీసి రేటు పడగొడతన్నారు, బోర్డర్ మీదున్న రుమైలాలో మా వాటా కూడా లాగీస్తన్నారు అని గొడవ పెట్టుకుని ఏకంగా దేశాన్నే మింగీసాడు. పక్కనే సౌదీ ఫీల్డులు. అవి కూడా ఆడి చేతిలో పడితే ప్రపంచం అంతా ఆడు చెప్పిన రేటే కదా. అమెరికా దిగింది, ఐక్యరాజ్యసమితి కూడా ఒప్పుకుంది, 1991 జనవరి 17న బాంబులు మొదలెట్టి ఫిబ్రవరి ఆఖరికి ముగించినారు. పోతాపోతా ఇరాక్ వాళ్ళు 600కి పైగా బావులు తగలబెట్టీసినారు, నవంబర్ దాకా ఆర్పుతానే ఉన్నారు. తర్వాత మళ్ళీ రిపేరు పనులకి వెళ్ళినాను నేను, కువైటీలు ఇప్పటికీ ఫిబ్రవరి 26ని విముక్తి రోజుగా చేసుకుంటారు, ఆళ్ళకి అది నిజంగా ప్రాణదానం. 2003 అలాంటిది కాదు, దానికి ఐక్యరాజ్యసమితి అనుమతి కూడా లేదు, అది అన్యాయం అని ఎక్కడైనా చెప్తాను. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

కవిటి కుర్రోడు:
థాంక్స్ మాస్టారు, బాబాయ్ మీక్కూడా. తూము సంగతి అర్థమైంది గానీ ఇప్పుడు వాళ్ళ ఆయిల్ వాళ్ళకి ఉన్నాది కదా, గల్ఫ్ ఆగిపోనా వాళ్ళకి ఏటి నష్టం?

చీపురుపల్లి సీమెన్:
ట్యాంకర్ల మీద పనిచేసాను కాబట్టి చెప్తన్నాను. ఆయిల్‌కి అమెరికా రేటు, అరబ్ రేటు అని పెద్ద తేడా ఉండదు, మార్కెట్ ఒక్కటే. గల్ఫ్ నుంచి ఓడలు బయటికొచ్చే దారి హోర్ముజ్ జలసంధి, అది సన్నగా ఉన్న చోట 33 కిలోమీటర్లే, ప్రపంచం వాడే ఆయిల్‌లో సుమారు 5వ వంతు అందులోంచే రావాలి, అక్కడ గొడవైతే టెక్సాస్‌లో పెట్రోల్ బంకులో కూడా రేటు పెరుగుద్ది, అక్కడ ఎన్నికలు కూడా దాని మీద తిరుగుతాయి. పైగా రాతి పొరల్లోంచి వాళ్ళు తీసే షేల్ ఆయిల్ లైట్ రకం, అంటే పలచనిది, రిఫైనరీలు చాలావరకు చిక్కగా ఉండే హెవీ క్రూడ్‌కి కట్టినవి, అందుకే తీస్తానే ఉంటారు, కొంటానే ఉంటారు. హోర్ముజ్ దాటే ఆయిల్ ఇప్పుడు ఎక్కువ భాగం వచ్చేది ఆసియాకే, చైనా, మనం, జపాన్, కొరియా. దారికి కాపలా ఉన్నోడికి వీళ్ళందరి మీదా పట్టు ఉన్నట్టే, నాకయితే చైనా విషయమే ఇప్పుడు అసలు కారణం అనిపిస్తది. ఇంకోటి డాలర్. ఆయిల్ అమ్మకం ఎక్కువగా డాలర్లలోనే, సౌదీ రియాల్‌ని 1986 నుంచి డాలర్‌కి 3.75 దగ్గర కట్టేసారు, యూఏఈ దిర్హంని కూడా డాలర్‌కే కట్టేసారు, రేటు మాత్రం వేరు. మన ఇళ్ళకి వచ్చే డబ్బు డాలర్‌తో పాటు ఎగిరి పడేది అందుకే.

పలాస పరిశీలకుడు:
అంటే అందరూ కలిసి నేను చెప్పిందే పొడుగ్గా చెప్పినారు, ట్యాంకర్‌తో దోచుకున్నా పట్టు పెట్టుకుని దోచుకున్నా పోయేది అక్కడి జనాలే. మనకి మాత్రం తక్కువ దెబ్బా? 1990లో ఆయిల్ రేటు పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగి, 1991లో మన దేశం దగ్గర దగ్గర 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టుకుంది. ఏ యుద్ధంలో మనల్ని అడిగి దిగినారు వాళ్ళు?

విజయనగరం హిస్టరీ మాస్టారు:
ఆ మాట నేనూ ఒప్పుకుంటాను తమ్ముడూ. అందుకే ఇప్పుడు విశాఖలో కొండ కింద గుహలు తొలిచి 13.3 లక్షల టన్నుల క్రూడ్ పట్టే నిల్వ కట్టుకున్నాం, మంగళూరు, పాదూరు కూడా కలిపితే 53.3 లక్షల టన్నులు. మన దేశం వాడకానికి అది రోజుల లెక్కే, నెలలకి చాలదు. ఇంకా కట్టాలి.

కవిటి కుర్రోడు:
బాబాయ్, ఆఖరిగా ఒక్కటి. అన్నయ్య కాంట్రాక్ట్ ఇంకో ఏడాది ఉన్నాది. వచ్చీమని అమ్మ అంటంది. దారి మూసీస్తే కువైట్‌లో పనులు ఉంటాయా?

సోంపేట పాత వెల్డర్:
సౌదీకి ఎర్ర సముద్రం వైపు యాన్బూకి పైప్‌లైన్ ఉన్నాది, అబుదాబీకి ఫుజైరాకి ఉన్నాది, కువైట్‌కి మాత్రం హోర్ముజ్ తప్ప వేరే దారి లేదు బాబూ. ఓడలు కదలకపోతే ట్యాంకులు నిండిపోతాయి, ట్యాంకులు నిండితే బావులు తగ్గించీస్తారు, అప్పుడు షట్‌డౌన్ పనులు వాయిదా పడతాయి. కానీ టీవీ చూసి ఉద్యోగం వదిలీమనకు. పాస్‌పోర్ట్, సివిల్ ఐడీ, కాంట్రాక్ట్ ఫొటోలు తీసి నీ ఫోన్‌కి పంపమను, ఎంబసీ నంబర్ రాసుకోమను, జీతం అక్కడ దాచకుండా నెలనెలా పంపీమను. 1990లో నా జీతం డబ్బులన్నీ అక్కడే ఉండిపోనాయి.