డీ అండ్ డీ ఆటలో ఏయే పుస్తకాలకు సరే అనాలి?

వచ్చే నెల నుంచి మేం ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని, పాచికలతో కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ ఆడబోతున్నాం. డంజన్ మాస్టర్‌ని, అంటే కథ నడిపి రాక్షసుల్ని ఆడించేది, నేనే, అదీ మొదటిసారి. నా దగ్గరున్నది 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆటగాళ్ళ మూల నియమాల పుస్తకం) ఒక్కటే. ఇద్దరికి అది చాలు. మూడో అతనికి 2020లో వచ్చిన టాషా పుస్తకం కావాలట, పాత్ర జాతిని (ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివి) బట్టి బలం, తెలివి లాంటివాటికి వచ్చే స్కోర్ పెంపును నచ్చినచోటికి మార్చుకోవచ్చని. సరే, మార్చుకోనీ.

టెన్షన్ అంతా నాలుగో ఆమెతోనే. తన విజర్డ్‌కి (మాంత్రికుడి పాత్రకి) స్ట్రిక్స్‌హేవెన్ పుస్తకంలోని సిల్వరీ బార్బ్స్ కావాలంటోంది. మొదటి లెవెల్ మంత్రమే, కానీ శత్రువు సేవింగ్ త్రో (మంత్రం లాంటి ముప్పును తట్టుకోడానికి వేసే పాచిక) గట్టెక్కాక కూడా మళ్ళీ పాచిక వేయించి తక్కువ అంకె తీసుకోమంటుంది. పైగా మనవాళ్ళలో ఒకరికి అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు పాచిక వేసి పెద్ద అంకె తీసుకోవడం. ప్రతి పోరులో అదే వాడితే నా రాక్షసుల గతేంటి? వద్దందామంటే ఆమె అప్పుడే నాలుగు పేజీల కథ రాసుకొచ్చింది!

2024 హ్యాండ్‌బుక్ కూడా కలుపుదామని ఇంకో మాట. అందులో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రానికి ఒక డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) బదులు రెండు. ఎవరిది ఏ పుస్తకమో ఆట మధ్యలో ఎలా గుర్తుపెట్టుకోను?

డీ అండ్ డీ అధికారిక ఆటల కార్యక్రమమైన అడ్వెంచరర్స్ లీగ్‌లో ఒకప్పుడు హ్యాండ్‌బుక్‌తో పాటు ఇంకొక్క పుస్తకం అనే నియమం ఉండేది. ఇంట్లో ఆడేవాళ్ళకు అది పనిచేస్తుందా? లేక పుస్తకాలన్నీ ఒప్పుకుని, ఆ ఒక్క మంత్రాన్నే ఆపడం మేలా? ఆడించిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.