అప్‌డేట్: అనంతపురంలో ముత్యాల సాగు, పంట కుంటలో ఆల్చిప్పలు

సముద్రం లేని మా అనంతపురంలో, పంట కుంటలో ముత్యాలు పండుతాయా అని ఇక్కడ అడిగాను కదా. పండుతాయి. సముద్రపు ముత్యపు చిప్ప పింక్టాడా వేరు, మనది మంచినీటి ఆల్చిప్ప లామెల్లిడెన్స్. భువనేశ్వర్‌లోని సీఫా (మంచినీటి చేపల పెంపకంపై పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) ఈ సాగులో శిక్షణ ఇస్తుంది.

అసలు పని చిప్ప లోపల అచ్చు పెట్టే ఆపరేషన్‌లోనే ఉంది. చిప్పను కొద్దిగా మాత్రమే తెరవాలి, బలవంతం చేస్తే మూసే కండరం తెగి చచ్చిపోతుంది. లోపల తడితడిగా మెరిసే పల్చటి పొరే మాంటిల్. దాన్ని పెంకు నుంచి మెల్లగా విడదీసి, ఆ రెండింటి మధ్యలో బొమ్మ అచ్చు పెట్టాలి. ఆ పొర స్రవించే నేకర్, అంటే ముత్యానికి మెరుపునిచ్చే పదార్థం, అచ్చు మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. మేం వినాయకుడి అచ్చులు పెట్టాం, మా అమ్మ పట్టుబట్టింది మరి! ఇలా వచ్చేది పెంకుకు అతుక్కున్న సగం ముత్యమే. గుండ్రటిది కావాలంటే వేరే చిప్ప మాంటిల్ ముక్క కూడా లోపల పెట్టాలి, అందులో నా చేయి ఇంకా తిరగలేదు.

ఇప్పుడు చిప్పలు కుంటలో నైలాన్ సంచుల్లో వేలాడుతున్నాయి. పేడ వేస్తే నీళ్లు పచ్చబడ్డాయి, ఆ నాచే వాటి మేత. నోరు తెరిచి, ముట్టుకున్నా మూసుకోనివి చచ్చినట్టే. వెంటనే తీసేయకపోతే కంపు. ఎండలకు సంచులు ఇంకాస్త లోతుకు దించాం, టెన్షనంతా కుంటలో నీళ్ల గురించే.

"మొత్తం మేమే కొంటాం" అని ముందే డబ్బు అడిగిన కంపెనీకి మాత్రం దండం పెట్టేశాను. కోతకు ఏడాది పైనే పడుతుంది.