టెర్మినల్ ప్రోగ్రాములు వాడేవాళ్లకు నిజంగా కలిసొచ్చింది ఎక్కడ?

నల్లతెర: మెయిల్, ఫైళ్లు, నోట్స్ అన్నీ మెల్లగా టెర్మినల్‌లోకి (కమాండ్లు టైపు చేసి పని చేయించే తెర) మారుస్తున్నాను. మీకు లాభం ఎక్కడ కనిపించింది? మెయిల్‌కి మట్ అనే టెర్మినల్ ప్రోగ్రాము సరిపోతుందా?

అర్ధరాత్రి_డ్యూటీ: నాకు టీమక్స్ ఒక్కటి చాలు, కనెక్షన్ పోయినా సర్వర్‌లో పనిని నడుస్తూ ఉంచుతుంది. మొన్న పెద్ద డేటాబేస్ కాపీ అవుతుండగా నెట్ పోయింది. టెన్షన్ పడుతూనే మళ్లీ ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే దారి) లోపలికెళ్లి, పాత పనికి మళ్లీ కలిపే అటాచ్ కొడితే, పని ఆగకుండా నడుస్తూనే ఉంది.

మౌస్_మనిషి: ఫొటోలు టెర్మినల్‌లో ఎలా చేస్తారండీ?

అర్ధరాత్రి_డ్యూటీ: 400 ఫొటోలు ఒకే సైజుకి తేవాలంటే ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటోల ప్రోగ్రాములో ఒక్క లైను. అందులోని మోగ్రిఫై కమాండ్ మాత్రం అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది, వేరే ఫోల్డర్ చెప్పే పాత్ ఆప్షన్ ఇవ్వడం మరవకండి. నేను మరిచి ఒక ఆల్బమ్ మొత్తం పోగొట్టుకున్నాను.

తెలుగు_టైపు: టెర్మినల్‌లో తెలుగు ఎవరైనా చదివారా? "స్త్రీ" అన్న మాట ముక్కలైపోతుంది. ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట.

పాతసర్వర్: అది ప్రోగ్రాముల తప్పు కాదు. టెర్మినల్ తెరంతా సమానమైన గడులు. ఇంగ్లిష్‌కి సరిపోతుంది, మన ఒత్తులు అందులో ఇమడవు. ఇలాంటి లిపులను చూపించగల ఎంఎల్‌టెర్మ్ అనే టెర్మినల్ వేసుకోండి. ఇరవై ఏళ్లుగా యూనిక్స్ సర్వర్లు చూస్తున్నాను, అక్కడ తెలుగు చదివే అవసరం ఒక్కసారీ రాలేదు.

తెలుగు_టైపు: మీకు రాకపోతే మాకూ రాకూడదా? నేను రోజూ సరిచేసేవి తెలుగు ఫైళ్లే! విసిగిపోయి ఈమ్యాక్స్ ఎడిటర్ విండోలోకి మారాను. 27వ వెర్షన్‌లో అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వచ్చాక అక్షరాలు చక్కగా కూర్చుంటున్నాయి.

మౌస్_మనిషి: అంటే విండోనే గెలిచింది.

పాతసర్వర్: చదవడం వేరు, వెతకడం వేరు. వెయ్యి ఫైళ్లలో ఒక మాట కావాలంటే గ్రెప్ కన్నా ఏ విండో నయం? తెర మీద ఎలా కనిపిస్తుందో దానికి అక్కర్లేదు.

తెలుగు_టైపు: ఆ గ్రెప్పే నన్ను ముంచింది. "సాఫ్ట్‌వేర్" మధ్యలో కొందరు కంటికి కనిపించని విడదీసే అక్షరం పెడతారు, కొందరు పెట్టరు. గ్రెప్‌కి అవి రెండు వేరు మాటలు. సగం దొరకలేదు, పైగా దొరకలేదని కూడా తెలీలేదు.

కొత్తగా_వచ్చా: విమ్ ఎడిటర్‌లో కర్సర్‌ని కదపడానికి హెచ్, జె, కె, ఎల్ కీలే ఎందుకండీ?

పాతసర్వర్: విమ్‌కి మూలమైన వీఐని 1976 ప్రాంతంలో బిల్ జాయ్ రాసింది ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద. బాణం గుర్తులు ఆ కీల మీదే ఉండేవి.

అర్ధరాత్రి_డ్యూటీ: తెలుగు_టైపు గారూ, సెడ్ కమాండ్‌తో ఆ కనిపించని అక్షరాన్ని తీసేసి, వచ్చినదాన్ని పైపులో (ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి అందించే గుర్తు) గ్రెప్‌కి పంపండి. అసలు ఫైలు మారదు. టెర్మినల్‌ని నేను వదలనిది ఇందుకే.

తెలుగు_టైపు: ఆ లైను ఇక్కడ పెట్టండి, ఈ రాత్రే చూస్తాను.