కరివేపాకు మీద పక్షి రెట్టలాంటి పురుగులు ఏవి?

ప్రశ్న: కుండీలోని కరివేపాకు లేతాకుల మీద తెలుపు, గోధుమ మచ్చల పురుగులు. పక్కన నిమ్మమొక్క మీద లావుపాటి పచ్చపురుగు. రెండూ వేరా? మందు కొట్టాలా?

జవాబు 1: వేరు కాకపోవచ్చండీ. నిమ్మ సీతాకోకచిలుక పురుగు నాలుగు దశలు రెట్టలా ఉండి, ఐదో దశలో పచ్చబడుతుంది. తాకి చూడండి: తల వెనక నుంచి చీలిన కొమ్ము తీసి ఘాటు వాసన వదులుతుంది. గుడ్లు లేతపసుపు, గుండ్రం, విడివిడిగా పెడుతుంది.

జవాబు 2: కరివేపాకు మీద కామన్ మార్మన్ అనే మరో సీతాకోకచిలుక పురుగూ అచ్చం ఇలాగే ఉంటుంది. రెక్కలొచ్చాక తేలిక: నిమ్మదానికి తోక ఉండదు, నల్లరెక్కల నిండా పసుపు మచ్చలు, వెనక రెక్క అంచున ఇటుకరంగు చుక్క.

జవాబు 3: మందు వద్దు. ఆకు ఎక్కువ తినేది ఐదో దశే. మొక్క చిన్నదైతే పురుగుని పెద్ద నిమ్మచెట్టు మీదకి మార్చండి. డబ్బాలో పెంచితే కొమ్మ పెట్టిన నీళ్లసీసా మూతిని దూదితో మూయాలి, లేకపోతే మునిగి చస్తుంది. బజారు కరివేపాకు పెట్టకండి, మందు అవశేషాలుంటాయి. చివర్లో పల్చగా విసర్జించి తిరుగుతుంటే జబ్బు కాదు, ప్యూపాగా (సీతాకోకచిలుక అయ్యే ముందు కదలకుండా ఉండే దశ) మారడానికి చోటు వెతుకుతోంది. ఏటవాలుగా పుల్ల పెట్టండి. నడుముకి పట్టుదారం కట్టుకుంటుంది. వేసవిలో ప్యూపా దశ సుమారు 8-10 రోజులు. ప్యూపాకి చిన్న గుండ్రటి రంధ్రం పడితే అది పరాన్న కందిరీగ (ఇతర పురుగుల లోపల పెరిగే కందిరీగ) పనే.