గాజువాక ఫర్నేస్‌కి గ్యాస్ బయట కొనొచ్చా?

ఫర్నేస్‌వాలా: రీహీటింగ్ ఫర్నేస్‌కి రోజుకి 6,000 ఎస్‌సీఎం (ప్రామాణిక ఘనపు మీటర్లు) గ్యాస్ కావాలి. ఇళ్లకిచ్చే చవక గ్యాస్ మాకెందుకివ్వరు? గ్యాస్ ఎక్స్ఛేంజ్‌లో నేరుగా కొనొచ్చా?

నీలిమంట: అది ఏపీఎం గ్యాస్, అంటే ప్రభుత్వ సూత్రంతో ధర కట్టేది. నగర గ్యాస్ కంపెనీలకి కేంద్రం కేటాయించేదే వంటింటి పైపులకీ, వాహనాల సీఎన్‌జీకీ. ధర భారత క్రూడ్ బాస్కెట్ (మన రిఫైనరీలు కొనే ముడిచమురు సగటు ధర)లో 10 శాతం, నెలనెలా మారుతుంది. 2023 ఏప్రిల్‌లో పెట్టినప్పుడు గరిష్ఠం ఎంఎంబీటీయూ (గ్యాస్ ఇచ్చే వేడిని కొలిచే యూనిట్)కి 6.5 డాలర్లుండేది. ఫ్యాక్టరీలకి చాలావరకు దిగుమతి ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజవాయువు)యే గతి.

పైప్‌లైన్_బాబాయ్: మీ వాడకానికి కుదరదండీ. పీఎన్‌జీఆర్‌బీ (గ్యాస్ నియంత్రణ బోర్డు) నిబంధనల ప్రకారం రోజుకి 50,000 ఎస్‌సీఎం దాకా మీ ప్రాంతపు అనుమతి ఉన్న కంపెనీ దగ్గరే కొనాలి. రోజుకి లక్ష దాటితే వాళ్ల నెట్‌వర్క్‌తో పనిలేకుండా తెచ్చుకోవచ్చు. ఆ కంపెనీ మార్కెటింగ్ ప్రత్యేక హక్కు గడువు తీరి, బోర్డు వాళ్ల నెట్‌వర్క్‌ని కామన్ క్యారియర్‌గా (వేరేవాళ్లూ వాడుకునేలా) ప్రకటిస్తే వేరే సంగతి.

నీలిమంట: అసలు దెబ్బ ఒప్పందంలో తగులుతుంది. 'టేక్ ఆర్ పే' (వాడినా వాడకపోయినా డబ్బు కట్టాల్సిన వాటా) శాతం చూడండి. షట్‌డౌన్ రోజులు అందులోంచి తీసేయించకపోతే ఫర్నేస్ చల్లారినా బిల్లు ఆగదు. బిల్లు ఎంఎంబీటీయూల్లో అయితే కెలోరిఫిక్ విలువ (గ్యాస్‌లో ఉన్న వేడి) రిపోర్టు అడగండి: ఎస్‌సీఎంకి 9,500 కిలోకేలరీలుంటే మీ 6,000 ఎస్‌సీఎం సుమారు 226 ఎంఎంబీటీయూలు, 9,200కి పడితే 219. గ్యాస్ జీఎస్టీలో లేదు కాబట్టి కట్టిన వ్యాట్‌కి జీఎస్టీ క్రెడిట్ రాదు. ఫర్నేస్ ఆయిల్‌తో పోల్చేటప్పుడు చాలామంది ఇది మర్చిపోతారు.