బంగాళాఖాతంలో 300 మీటర్ల లోతున ఆక్సిజన్ దాదాపు లేదు, మరి అక్కడి చేపలెలా బతుకుతున్నాయి?

కెరటం:
విశాఖ బయట పైనీటిలో ఆక్సిజన్ లీటరుకు సుమారు 4.5 మి.లీ. ఉంటే, 100 మీటర్లు దాటాక అర మిల్లీలీటరు కూడా ఉండదు. దాదాపు 600 మీటర్ల దాకా ఇంతే. అయినా పగలు ఎకో సౌండర్‌లో (శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో నీటి కింద ఉన్నవాటిని చూపే పరికరం) 300 మీటర్ల దగ్గర దట్టమైన పట్టీ పడుతుంది. అవేమిటి? సూర (ట్యూనా) కోసం గాలాలు ఎంత లోతుకు దించాలి?

లోతునీరు:
కెరటం గారూ, అందులో లాంతరు చేపలు బాగా ఉంటాయి. వేలెడంతవి. పగలు వేటచేపలకు దొరక్కుండా కిందికి దిగి, పొద్దుగూకాక పైకొచ్చి మేస్తాయి.

ఇక రక్తం సంగతి. ఎర్రకణాల్లోని ఏటీపీ, జీటీపీ అనే రసాయనాలు హిమోగ్లోబిన్‌కు అంటుకుని ఆక్సిజన్ మీద దాని పట్టు సడలిస్తాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గితే చాలా జాతుల చేపలు వాటిని తగ్గించుకుంటాయి, పట్టు బిగుస్తుంది. మరీ బిగిస్తే కండరం దగ్గర వదలదు. అక్కడ పోగయ్యే కార్బన్ డయాక్సైడ్ రక్తంలో ఆమ్లం పెంచి వదిలిస్తుంది. ఈ రెంటి పొత్తు కుదరాలి.

వలతాడు:
ఎల్లోఫిన్ సూర నోరు తెరిచి ఈదుతుంటేనే మొప్పల్లోంచి నీరు పారుతుంది, ఆగితే ఊపిరి అందదు. లీటరుకు 3.5 మి.లీ. కన్నా తగ్గిన నీటిలో ఎక్కువసేపు ఉండదు. బిగ్‌ఐ సూర 1 మి.లీ. దాకా ఓర్చుకుంటుంది.

లోతుకు ఒకే అంకె చెప్పలేం. నదుల మంచినీరు పైన మూతలా పరుచుకోవడం వల్ల గాలి వీచినా పైనీరు, కిందినీరు సరిగా కలవవు. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొర దగ్గరే ఆక్సిజనూ పడిపోతుంది. కాబట్టి గాలాల తాడును తేల్చి ఉంచే రెండు బుడ్డల మధ్య నడిమి గాలం పక్కన లోతు, ఉష్ణోగ్రత రాసుకునే చిన్న లాగర్ కట్టండి. అది ఆ పొర కిందికి పోతే అక్కడ ఎల్లోఫిన్‌కు ఎర వేసినా దండగే. బుడ్డల మధ్య గాలాలు తగ్గించండి, తాడు అంతగా కుంగదు.

మొప్ప:
అన్నీ రాత్రికి పైకి రావు, లోతునీరు గారూ. కాలిఫోర్నియా సింధుశాఖ అడుగున, ఆక్సిజన్ పైనీటిలో ఒక శాతం కన్నా తక్కువున్న చోట ఒక చిన్న సొర చురుగ్గా తిరగడం రిమోట్ కెమెరాలకు చిక్కింది. మొప్పలకు చోటివ్వడానికి దాని తల ఉబ్బి ఉంటుంది, వెనక ఒళ్లంతా సన్నం. పుల్లకు గుచ్చిన మిఠాయిలా కనిపిస్తుందని లాలీపాప్ సొర అన్నారు.