తెలుగు మీడియం వాళ్లకు ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ ఇంగ్లిష్ ఎట్లా? స్పోకెన్ క్లాసుల్లో చేరాలా?

నల్లమల_పోరడు:

అన్నలూ అక్కలూ, మాది అచ్చంపేట దగ్గర పల్లె. పది దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. డిగ్రీ మహబూబ్‌నగర్‌లో చేసిన, పేరుకే ఇంగ్లిష్ మీడియం, సార్లు చెప్పేది తెలుగులో, మేము బట్టీ పట్టి రాసేది ఇంగ్లిష్‌లో. ఇప్పుడు ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి, అదే డిగ్రీ వాళ్లకు పెట్టే సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాల పరీక్షకు చదువుతున్నా. మాక్ టెస్టుల్లో మ్యాథ్స్, రీజనింగ్ 25కి 21, 22 వస్తున్నాయి, ఇంగ్లిష్ మాత్రం 9 దాటట్లేదు. గ్రామర్ రూల్స్ అడిగితే గడగడా చెప్తా, కానీ వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టమంటే అన్ని ముక్కలూ కరెక్టుగానే కనిపిస్తాయి. ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్‌కి 8 వేలు అంటున్నారు. నాన్నను అడుగుదామంటే పత్తి అమ్మిన పైసలు ఇంకా చేతికి రాలేదు. చేరాలా వద్దా? రోజూ ఎడిటోరియల్ చదవమని ఒకరు, రోజుకు 50 పదాలు బట్టీ పట్టమని ఇంకొకరు. ఎడిటోరియల్ మొదటి పేరా అయ్యేలోపే నిద్ర ముంచుకొస్తుంది, అబద్ధమెందుకు.

మిర్యాలగూడ_ఎక్స్‌ప్రెస్:

తమ్ముడూ, నాన్నను అడగకు, ఆ 8 వేలు ఇంట్లోనే ఉండనీ. సీజీఎల్‌లో నిన్ను ఎవరూ మాట్లాడించరు, ఇంటర్వ్యూ తీసేసి చాలా ఏళ్లయింది. అక్కడ అడిగేది తప్పు పట్టడం, క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు నింపడం), వాక్యాలు వరుసలో పెట్టడం, ఇడియమ్స్, స్పెల్లింగ్, ఇట్లాంటివే. అట్లని ఇంగ్లిష్‌ను వదిలేసి మ్యాథ్స్‌తో లాగేద్దామనుకోకు. మొదటి దశ టైర్-1లో అది 50 మార్కులే, కానీ రెండో దశ టైర్-2 పేపర్-1లో 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 135. కంప్యూటర్ సెక్షన్‌లో క్వాలిఫై అయితే చాలు కాబట్టి మెరిట్‌లో కలిపేది 390, అందులో మూడో వంతు కంటే ఎక్కువ ఇంగ్లిష్‌దే.

ఇగ నీ అసలు రోగం. రూల్ రాక కాదు, ఆ తప్పు మన చెవికి తప్పులా వినపడదు, అదీ సంగతి. మనం 'రెండేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నా' అంటాం కాబట్టి 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అంటే మనకు బ్రహ్మాండంగా ఉంటుంది. పేపర్ సెట్ చేసేవాడికి కావాల్సింది 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్'. ఫలానా సంవత్సరం నుంచి అంటే సిన్స్, ఇన్నేళ్లుగా అంటే ఫర్, మనకేమో రెండింటికీ 'నుంచి' సరిపోతుంది. అట్లనే 'దాని గురించి చర్చించాం' అని మనసులో అనుకుని 'డిస్కస్డ్ అబౌట్' పెడతాం, అక్కడ అబౌట్ అక్కర్లేదు. 'వాడు ఎక్కడున్నాడో తెలియదు' అనబోయి 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ' అంటాం, 'వేర్ హీ ఈజ్' రావాలి. 'వన్ ఆఫ్ ద' తర్వాత బహువచనం పెట్టడం మర్చిపోతాం. ఆర్టికల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మన భాషలో అవి లేనే లేవాయె.

అందుకని లావుపాటి గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవకు. పాత పేపర్లు ముందేసుకో, నువ్వు తప్పుపోయిన ప్రతి వాక్యాన్నీ సరిచేసి నోట్‌బుక్‌లో రాసుకో, తప్పు వాక్యం రాయకు, కరెక్టుదే రాయి. పొద్దున లేవగానే అవే పైకి చదువు. కొన్నాళ్లకు 'సిన్స్ టూ ఇయర్స్' కనపడితే అన్నంలో రాయి తగిలినట్టు ఆగిపోతావు. పదాలు కూడా అంతే, 50 బట్టీ పడితే తెల్లారేసరికి 45 ఎగిరిపోతాయి, పాత పేపర్లలో వచ్చిన ఇడియమ్స్, ఒక్క పదంలో చెప్పేవి ముందు పూర్తి చెయ్, అవి తిరిగి తిరిగి వస్తుంటాయి.

పానగల్లు_అక్క:

పైన అన్న చెప్పింది చాలా వరకు నిజమే గానీ న్యూస్ పేపర్ చదవడం గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. చదివే అలవాటు లేకుండా క్లోజ్ టెస్ట్, ప్యాసేజ్ రావు, ఎన్ని నోట్‌బుక్‌లు నింపినా సరే. బ్యాంక్ పరీక్షలు రాసేవాళ్లకైతే మరీను, చాలావాటి ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలే, నిదానంగా చదివేవాళ్లు ప్యాసేజ్ దగ్గరే కూర్చుండిపోతారు.

తమ్ముడూ, నీకు నిద్ర రావడం భాష వల్ల సగమే, మిగతా సగం విషయం తెలియక. ఎక్కడో విదేశాల వడ్డీ రేట్ల మీద ఎడిటోరియల్ తెలుగులో ఇచ్చినా నిద్రే వస్తుంది. నేను చేసింది చెప్తా. ముందు తెలుగు పేపర్లో మన జిల్లా వార్త చదవాలి, తర్వాత అదే వార్త ఇంగ్లిష్ పేపర్లో. సాగర్ 26 గేట్లు ఎత్తిన రోజు ఏం జరిగిందో మనకు ముందే తెలుసు, ఎగువన శ్రీశైలం నుంచి వరద వస్తోంది, 590 అడుగులకు దగ్గర పడింది, గేట్లు ఎత్తారు. ఇప్పుడు ఇంగ్లిష్‌లో 'ద రివర్ ఈజ్ ఇన్ స్పేట్' అని ఉంటే డిక్షనరీ తీయకుండానే తెలిసిపోతుంది నది పోటెత్తిందని. 'ఫుల్ రిజర్వాయర్ లెవెల్' ఏంటో, 'ఇన్ ద వేక్ ఆఫ్ హెవీ ఇన్‌ఫ్లోస్' అంటే ఏంటో అన్నీ అట్లనే దొరుకుతాయి. పైగా 'స్పేట్' ఒక్కటే కాదు, దాని ముందు 'ఇన్' వస్తుందని కూడా కంటికి అలవాటవుతుంది, రేపు ప్రిపోజిషన్ ప్రశ్నలో అదే పనికొస్తుంది. మన ఊరి వార్తలతో మొదలుపెట్టి, రాష్ట్రం, తర్వాత దేశం, ఎడిటోరియల్ చిట్టచివర. పేపర్ కొనక్కర్లేదు, జిల్లా గ్రంథాలయంలో రెండు భాషలవీ పక్కపక్కన పెట్టుకుని కూర్చో. కోచింగే కావాలనుకుంటే బీసీ స్టడీ సర్కిల్ నల్లగొండలో ఉంది, మీ పాలమూరులోనూ ఉంది, ఫీజు ఉండదు, నోటిఫికేషన్ పడ్డప్పుడు అర్హత చూసుకుని అప్లై చెయ్.

గ్రూప్స్_వనపర్తి:

మధ్యలో ఒక మాట. గ్రూప్-1 కూడా రాసే ఆలోచన ఉంటే మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కులకు ఉంటుంది, పదో తరగతి స్థాయి, ర్యాంకులో కలపరు. కానీ ఓసీలకు 40, బీసీలకు 35, ఎస్సీ ఎస్టీలకు 30 శాతం రాకపోతే మిగతా ఆరు పేపర్లు తెలుగులో ఎంత ఇరగదీసినా లాభం లేదు. అక్కడ టిక్కు పెట్టేది కాదు, లెటర్, ప్రెసీ (పెద్ద పేరాను కుదించి రాయడం) చేత్తో రాయాలి, కాబట్టి వారానికోసారైనా సొంతంగా ఒక పేజీ రాసి ఎవరితోనైనా దిద్దించుకో. ఇంగ్లిష్ అంటేనే టెన్షన్ అయితే రైల్వే ఎన్‌టీపీసీ కూడా వేసి పెట్టుకో, దాంట్లో ఇంగ్లిష్ సెక్షనే లేదు, పేపర్ తెలుగులోనూ తీసుకోవచ్చు.

నల్లమల_పోరడు:

అందరికీ థాంక్స్. ఎన్‌టీపీసీ ఆల్రెడీ అప్లై చేసిన అన్నా. స్పోకెన్ క్లాస్ క్యాన్సిల్, నోట్‌బుక్ రేపే కొంటా. ఇంకో డౌట్, రెండు ఆప్షన్ల మధ్య కొట్టుమిట్టాడుతుంటే పెట్టాలా వదిలేయాలా? నెగెటివ్ భయానికి సగం వదిలేస్తున్నా.

మిర్యాలగూడ_ఎక్స్‌ప్రెస్:

మ్యాథ్స్‌లో 22 తెచ్చేవాడివి నన్నడుగుతున్నావా. టైర్-1లో కరెక్టుకు 2, తప్పుకు అర మార్కు పోతుంది. రెండు ఆప్షన్లు కొట్టేసి మిగిలిన రెండింట్లో ఒకటి పెడితే సగటున ముప్పావు మార్కు నీదే, వదిలేయడమంటే చేజేతులా పోగొట్టుకోవడమే. టైర్-2లో కరెక్టుకు 3, తప్పుకు 1. అక్కడ నాలుగింట్లో గుడ్డిగా పెడితే లాభమూ లేదు నష్టమూ లేదు, ఒక్కటైనా కొట్టేయగలిగితేనే పెట్టు. ముందు పాత టైర్-1 పేపర్ ఒక షిఫ్ట్ తీసుకుని ఇంగ్లిష్ 25 ప్రశ్నలూ ఒక్కటి వదలకుండా చెయ్. తప్పుపోయిన వాక్యాలు ఇక్కడే పెట్టు, ఏ రకం ఎక్కువ పోతున్నాయో చూద్దాం.